గ్రౌండింగ్ మ్యాట్ మీద జివ్వుమంటోందా? తప్పు ఎక్కడుందో వరుసగా పట్టుకునే పద్ధతి

"ఎర్తింగ్ షీట్ వేసుకుని పడుకుంటే ఒంటి మీద చీమలు పాకినట్టు ఉంటోంది. ఇది మంచిదేనా?" బెంగళూరులో ఉంటున్న మనవాళ్లు నన్ను పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. గ్రౌండింగ్ మ్యాట్, ఎర్తింగ్ షీట్ అంటే కరెంటు పోనిచ్చే పరుపు లేదా దుప్పటి; దాని తీగని సాకెట్ ఎర్త్‌కి కలిపి, ఒంటిని నేలతో కలిపినట్టవుతుందని దాని మీద పడుకుంటారు. మారతహళ్లి అపార్ట్‌మెంట్ నుంచి ఒకరు అడిగితే, బీటీఎం లేఅవుట్ పీజీ నుంచి ఇంకొకరు అడిగారు. కొందరికి అమ్మినవాళ్లు "ఒంట్లో చెడు బయటికి పోతోంది, నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది" అని చెప్పారట.

దయచేసి అలవాటు చేసుకోవద్దు. ప్లగ్ పెట్టినప్పుడు జివ్వుమని, పీకితే ఆగిపోతోందంటే మీ ఒంట్లోంచి కరెంటు పోతోందని అర్థం. అది ఎక్కడి నుంచి వస్తోందో తెలిసేదాకా మ్యాట్ వాడకూడదు.

ఈ మ్యాట్లు నిద్రకీ నొప్పులకీ ఎంత మేలు చేస్తాయన్నది పెద్ద పరీక్షల్లో తేలిన సంగతి కాదు, ఆ చర్చలోకి వెళ్లను. వాడుతున్నవాళ్లకి షాక్ కొట్టకూడదు, నా పట్టుదల అంతే.

## 1. ముందు ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు

చాలామంది చేసే మొదటి పొరపాటు ఇక్కడే. స్విచ్ ఆపితే తెగేది ఫేజ్, అంటే కరెంటు వచ్చే తీగ, మాత్రమే. సాకెట్‌లో పైన ఉండే పెద్ద రంధ్రం, అంటే ఎర్త్, స్విచ్‌తో సంబంధం లేకుండా ఎప్పుడూ కలిసే ఉంటుంది. మ్యాట్ తీగ కలిసేది ఆ ఎర్త్‌తోనే. కాబట్టి స్విచ్ ఆపినా మ్యాట్ ఆగదు, ప్లగ్ బయటికి తీయాల్సిందే. తీసేటప్పుడు చెప్పులు వేసుకోండి, చేతులు పొడిగా ఉండాలి.

కింది వాటిలో ఒక్కటి కనిపించినా మిగతా మెట్లు మీరు చేయవద్దు, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఆ సాకెట్ వాడకండి:

- జివ్వుమనడం కాకుండా గట్టిగా కొట్టింది, లేదా కండరం పట్టేసింది
- మ్యాట్ మీద ఉండి నేల, కుళాయి, కిటికీ ఊచలు ముట్టుకుంటే షాక్ వస్తోంది
- సాకెట్ వేడెక్కుతోంది, కమిలిన వాసన వస్తోంది
- ఆ గదిలో లైటు మిణుకుమిణుకుమంటోంది
- ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, గీజర్ కుళాయి ముట్టుకున్నా జివ్వుమంటోంది

గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మ్యాట్ జోలికి పోవద్దు. పరీక్షల కోసం కూడా వాళ్లని కూర్చోబెట్టవద్దు.

## 2. జివ్వుమనాలంటే రెండు కొసలు ఉండాలి

కరెంటు ఒక చోట నుంచి ఒంట్లోకి రావాలి, ఇంకో చోట నుంచి బయటికి పోవాలి. మామూలుగా మనం చెప్పులతోనో, మంచం మీదో ఉంటాం కాబట్టి పోయే దారి ఉండదు. మ్యాట్ ఆ దారి తెరిచిపెడుతుంది. ఇక వచ్చే వైపు ఏదైనా చిన్న లీకేజీ తగిలితే చాలు.

అసలు భయపడాల్సింది దీనికి తలకిందులైన పరిస్థితి గురించి. ఇంటి ఎర్తింగే చెడిపోతే మ్యాట్ నుంచే కరెంటు ఒంట్లోకి వచ్చి, నేల మీదికో కుళాయిలోకో పోతుంది. "మ్యాట్ మంచిదే, ఎర్త్‌కి కలిపాను కదా" అనుకున్న చోటే ప్రమాదం ఉంటుంది.

కొన్ని లెక్కలు గుర్తుంచుకోండి. మన కరెంటు 230 వోల్టులు. సుమారు అర మిల్లీ ఆంప్ దాటితే మనిషికి తెలియడం మొదలవుతుంది. 10 మిల్లీ ఆంప్ దగ్గరికి వస్తే పట్టుకున్నది వదలడం కష్టమవుతుంది. ఇళ్లలో ఉండే ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా తెంచే స్విచ్, 30 మిల్లీ ఆంప్‌ల లీకేజీకి పడేలా ఉంటుంది. అంటే ఆర్‌సీసీబీ పడలేదు కాబట్టి అంతా బాగుందని అనుకోవడానికి లేదు. లోడు ఎక్కువైనప్పుడు పడే ఎంసీబీకైతే ఇలాంటి చిన్న లీకేజీ అసలు తెలియదు.

## 3. సిద్ధం చేసుకోవాల్సినవి

- డిజిటల్ మల్టీమీటర్. బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో మామూలు రకాలు బోలెడు దొరుకుతాయి. ప్రోబ్‌ల (మీటర్ తీగల చివరి సూదుల) తొడుగు పగలకుండా ఉండాలి.
- రబ్బరు చెప్పులు, పొడి నేల
- ఒక నోట్‌బుక్కు
- ఇంట్లో ఇంకో మనిషి. ఒంటరిగా చేయకండి.

స్క్రూడ్రైవర్ టెస్టర్‌ని ఈ పనికి నమ్మకండి. పక్క తీగలో కరెంటు ప్రభావానికి కూడా అది వెలుగుతుంది, తక్కువ వోల్టేజీ నిజంగా ఉన్నా వెలగకపోవచ్చు.

## 4. చెప్పకుండా పీకి, పెట్టి చూసే పరీక్ష

మొదటి విభాగంలోని ప్రమాద గుర్తులు ఏవీ లేనప్పుడు మాత్రమే ఇది చేయండి.

చార్జర్లు, లాప్‌టాప్, ఫోన్ అన్నీ మంచం నుంచి దూరంగా పెట్టండి. మీరు మ్యాట్ మీద కదలకుండా కూర్చోండి. కాళ్లు నేలకి తగలకూడదు. ఇంట్లోవాళ్లు మీకు చెప్పకుండా ఒకసారి ప్లగ్ పెట్టాలి, ఒకసారి తీసేయాలి. ఇలా పది సార్లు. ప్రతిసారీ మీకేమనిపించిందో మీరు రాయండి, ప్లగ్ ఉందో లేదో వాళ్లు రాయాలి.

రెండూ సరిపోతే దోషం కరెంటు వైపు ఉంది, ముందుకు సాగండి. ప్లగ్ లేనప్పుడు కూడా అంతే తిమ్మిరి ఉంటే మ్యాట్‌ని తప్పుపట్టి లాభం లేదు. నరం నొక్కుకుపోవడం, షుగర్, బీ12 లోపం, ఇలాంటివాటికి కూడా కాళ్లూ చేతులూ చిమచిమలాడతాయి. డాక్టర్‌కి చూపించుకోండి. ఈ మాట నేను తేలిగ్గా చెప్పడం లేదు. మ్యాట్‌తో తగ్గుతుందని నెలల తరబడి ఎదురుచూసి, షుగర్ పరీక్ష వాయిదా వేసుకునేవాళ్లు ఉన్నారు.

## 5. ఎప్పుడు వస్తోందో గమనిస్తే సగం పని అయినట్టే

- ముట్టుకున్న క్షణం ఒక్కసారి చిటుక్కుమని ఆగిపోతుంది: ఇది స్టాటిక్, అంటే రాపిడికి బట్టల మీద పోగైన విద్యుత్తు. బెంగళూరులో జనవరి నుంచి మార్చి దాకా గాలి పొడిగా ఉంటుంది, సింథటిక్ దుప్పట్లు, ఉన్ని బట్టలతో ఎక్కువవుతుంది. నూలు బట్టలకి మారితే తగ్గుతుంది. దీనికి టెన్షన్ పడక్కర్లేదు.
- చార్జింగ్‌లో ఉన్న లాప్‌టాప్, ఫోన్ తాకినప్పుడే: 6వ విభాగం చూడండి.
- కాలు నేలకి ఆనినప్పుడు: 7వ విభాగం. ఇదే అన్నిటికన్నా ప్రమాదం, మొదటి విభాగంలో చెప్పినట్టు కొలతలు ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.
- గీజర్, వాషింగ్ మెషీన్, మోటారు నడిచేటప్పుడే: ఆ వస్తువులో లీకేజీ ఉంది, దానికి తోడు ఎర్తింగ్ కూడా బలహీనంగా ఉండి ఉంటుంది. ఆ వస్తువు ప్లగ్ తీసేసి, రెండింటినీ చూపించండి.
- కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడే: కొన్ని ఇన్వర్టర్ల కనెక్షన్‌లో న్యూట్రల్‌కి (కరెంటు తిరిగి పోయే తీగకి) ఎర్త్‌తో ఉన్న సంబంధం తెగిపోతుంది. సరిచేయించేదాకా కరెంటు పోగానే మ్యాట్ పీకేయండి.

## 6. మంచం మీద లాప్‌టాప్

నన్ను అడిగినవాళ్లలో సగానికి పైగా కథ ఇక్కడే తేలింది. వర్క్ ఫ్రం హోం, కాళ్ల కింద మ్యాట్, ఒళ్లో మెటల్ బాడీ లాప్‌టాప్, గోడకి టూ పిన్ చార్జర్.

టూ పిన్ చార్జర్‌లో విద్యుత్ అలజడి (ఇంటర్‌ఫియరెన్స్) తగ్గించడానికి ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. దాని గుండా కొంచెం కరెంటు ఎప్పుడూ లాప్‌టాప్ పై రేకు మీదికి చేరుతుంది. మీటర్ పెట్టి చూస్తే రేకుకీ ఎర్త్‌కీ మధ్య 100 వోల్టుల దాకా చూపించినా ఆశ్చర్యం లేదు. మంచి చార్జర్‌లో ఆ కరెంటు పావు మిల్లీ ఆంప్ లోపే ఉంటుంది కాబట్టి ప్రాణభయం లేదు. కానీ మణికట్టు లోపలి పలుచని చర్మానికి, చెమట పట్టిన అరచేతికి సన్నగా గరగరలాడినట్టు తెలుస్తుంది. మ్యాట్ లేకపోతే ఆ కరెంటు పోవడానికి దారి ఉండదు. మ్యాట్ ఉంది కాబట్టి మీ ఒంటి మీదుగా పోతోంది.

ఇలా చేయండి:

1. లాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద వాడి చూడండి. జివ్వు పోతే కారణం దొరికింది.
2. ఆ చార్జర్‌కి కంపెనీ ఇచ్చే త్రీ పిన్ తీగ ఉంటే అది వాడండి, ఎర్త్ బాగున్న సాకెట్‌లో పెట్టండి.
3. పేరూ ఊరూ లేని చార్జర్ అయితే పారేయండి. దానిలో లీకేజీ ఎంతో ఎవరూ చెప్పలేరు.
4. మ్యాట్ మీద ఉండగా చార్జింగ్‌లో ఉన్న ఏ వస్తువునీ ముట్టుకోకూడదని ఇంట్లో నియమం పెట్టుకోండి. పడుకుని ఫోన్ చూసే పిల్లలకి మరీ ముఖ్యం.

"మ్యాట్ తీగలో కరెంటుని అడ్డుకునే రెసిస్టర్ ఉంది కదా, అదే కాపాడుతుంది" అంటారు. 100 కిలో ఓమ్ రెసిస్టర్ ఈ రకం జివ్వుని పెద్దగా తగ్గించదు. అంతకన్నా ఎక్కువ అడ్డు ఆ కెపాసిటర్‌లోనే ఉంది.

## 7. సాకెట్ ఎర్తింగ్: ఇక్కడ తొందరపడవద్దు

పోయిన సంక్రాంతి తర్వాత అమ్మ అనంతపురం నుంచి మా ఇంటికి వచ్చింది. మోకాళ్ల నొప్పులకని ఎవరో చెబితే కొన్న షీట్ వెంట తెచ్చుకుంది. రెండో రాత్రి నన్ను లేపి, "ఒరేయ్, మంచం మీద బానే ఉందిరా, బాత్‌రూంకి వెళ్లొచ్చి కింద కాలు ఆనిస్తేనే జిల్లుమంటోంది. ఆ లైటు కూడా ఏంటో ఆగి ఆగి వెలుగుతోంది" అంది.

పగలు మీటర్ పెడితే అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా మనసు ఒప్పుకోక ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బోర్డు విప్పించాను. ఎర్త్ స్క్రూ నుంచి పక్కనే ఉన్న న్యూట్రల్ స్క్రూకి వేలెడంత ఆకుపచ్చ తీగ ముక్క బిగించి ఉంది. అసలు ఎర్త్ తీగ లేనే లేదు. న్యూట్రల్ స్క్రూ వదులై, దాని చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగింది. మంచం పక్క లైటు వెలుగుతుండగా ఆ న్యూట్రల్ పట్టు తప్పినప్పుడల్లా, బల్బు గుండా వచ్చిన ఫేజ్ ఆ ఆకుపచ్చ ముక్క మీదుగా ఎర్త్ పిన్‌కి, అక్కడి నుంచి అమ్మ పడుకున్న షీట్ మీదికి వస్తోంది. ఆమె తడికాలు నేలకి ఆనగానే దారి పూర్తయింది.

షీట్ తీగలో 100 కిలో ఓమ్ ఉండబట్టి 230 వోల్టులకి 2.3 మిల్లీ ఆంప్ మించి పోలేదు. ఆర్‌సీసీబీ పడకపోవడానికీ అదే కారణం. ఆ రెసిస్టర్ లేని తీగ అయి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడానికి కూడా ఇష్టం లేదు.

ఈ తప్పు ఎక్కడ ఎక్కువంటే, ఇల్లు కట్టాక వార్డ్‌రోబ్, టీవీ యూనిట్, మంచం తల వైపు పలక చేయించుకున్నప్పుడు అదనంగా వేసే పాయింట్లలో. పక్క బోర్డు నుంచి రెండు తీగలే లాగి, త్రీ పిన్ సాకెట్ బిగించేస్తారు. మ్యాట్ ప్లగ్ పెట్టేది సరిగ్గా ఆ సాకెట్‌లోనే. మల్లేశ్వరం, బసవనగుడి వైపు పాత ఇళ్లలో కొన్ని గదులకి అసలు ఎర్త్ తీగే లాగి ఉండదు.

మూడు కొలతలు. మీటర్ వాడడం అలవాటు లేనివాళ్లు ఇది ఎలక్ట్రీషియన్ చేత చేయించండి, పక్కన నిలబడి అంకెలు రాసుకోండి. మీటర్ ఏసీ వోల్టుల్లో, 600 లేదా 750 రేంజిలో ఉండాలి. సాకెట్‌కి ఎదురుగా నిలబడితే పైన ఎర్త్, కుడి వైపు ఫేజ్, ఎడమ వైపు న్యూట్రల్ ఉండాలి.

- ఫేజ్, న్యూట్రల్ మధ్య: సుమారు 230
- ఫేజ్, ఎర్త్ మధ్య: దాదాపు అంతే
- న్యూట్రల్, ఎర్త్ మధ్య: రెండు మూడు వోల్టుల లోపు

ఇప్పుడు అంకెల్ని చదవండి.

ఫేజ్, ఎర్త్ మధ్య 230కి బదులు 110, 150 అంటూ నిలకడ లేకుండా ఊగుతుంటే ఎర్త్ తీగ ఎక్కడో తెగింది. ఇలాంటి ఇంట్లో ఫ్రిజ్, కంప్యూటర్, వాషింగ్ మెషీన్ల చిన్న చిన్న లీకేజీలన్నీ నేలలోకి పోయే దారి లేక ఆ తెగిన తీగ మీదే పోగవుతాయి. మ్యాట్ పెట్టారంటే వాటన్నిటినీ పరుపు మీదికి పిలిచినట్టే.

న్యూట్రల్, ఎర్త్ మధ్య పదుల వోల్టులు ఉంటే ఎర్తింగ్ గానీ న్యూట్రల్ గానీ బాగాలేదు. బిల్డింగ్ అంతటా వోల్టేజీ అలాగే ఊగుతుంటే బెంగళూరు కరెంటు సంస్థ బెస్కామ్ 1912కి ఫోన్ చేయండి.

ఎడమ వైపు ఫేజ్ కనిపిస్తే తీగలు తారుమారయ్యాయి, సరిచేయించండి.

న్యూట్రల్, ఎర్త్ మధ్య కచ్చితంగా 0.0 ఉంటే సంతోషపడకండి. అదే బోర్డులో ఇస్త్రీ పెట్టె పెట్టి, అది వేడెక్కుతుండగా మళ్లీ చూడండి. నిజమైన ఎర్త్ అయితే అంకె కొంచెమైనా కదులుతుంది. కదలకుండా 0.0 దగ్గరే ఉంటే మా ఇంట్లోలాగా లోపల కలిపేసి ఉండొచ్చు, బోర్డు విప్పించాల్సిందే. మూడు లైట్లు ఉండే సాకెట్ టెస్టర్ ఈ తప్పుని పట్టుకోలేదు, అంతా బాగుందనే చూపిస్తుంది.

ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టి చూసే పాత పద్ధతి మీరు చేయవద్దు. ఎర్త్ తెగి ఉంటే ఆ కాసేపూ దానికి కలిసిన ప్రతి వస్తువు రేకూ షాక్ కొడుతుంది.

## 8. తీగ, అడాప్టర్

ప్లగ్ తీసేసి, మీటర్‌ని ఓమ్‌ల మీద పెట్టి, తీగ ఒక కొసన బటన్, ఇంకో కొసన ఎర్త్ పిన్ తాకించండి.

- 100 కిలో ఓమ్, లేదా 1 మెగా ఓమ్ దరిదాపుల్లో ఉంటే రెసిస్టర్ బాగుంది
- సున్నా దగ్గర ఉంటే రెసిస్టర్ లేదు, ఆ తీగ వాడకండి
- మీటర్ ఏమీ చూపించకపోతే తీగ తెగింది
- ఎర్త్ కాకుండా మిగతా రెండు పిన్నుల్లో దేనికైనా కలిసి ఉంటే వెంటనే పక్కన పడేయండి

కొత్త తీగ కొంటుంటే 1 మెగా ఓమ్‌ది అడగండి. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో మణికట్టుకి కట్టుకునే ఎర్త్ పట్టీల్లో ఉండేది అదే. సాకెట్‌లో ఎంత పెద్ద తప్పు జరిగి 230 వోల్టులు వచ్చినా 0.23 మిల్లీ ఆంప్ దాటదు.

అమెరికా నుంచి తెచ్చిన మ్యాట్లకి అడాప్టర్ పెడతారు. చాలా యూనివర్సల్ అడాప్టర్లలో ఎర్త్ రంధ్రం కనిపిస్తుంది గానీ లోపల లోహం ఉండదు. ఆ కొస నుంచి ఈ కొసకి మీటర్‌తో చూశాకే వాడండి. ఎక్స్‌టెన్షన్ బాక్సులకీ ఇదే పరీక్ష. టూ పిన్ ప్లగ్ ఉన్న బాక్సు అసలు పనికిరాదు.

## 9. షీట్ బాగుందా?

వెండి పోగులున్న షీట్‌కి బ్లీచ్, ఫాబ్రిక్ కండిషనర్ తగిలితే పోగులు పాడవుతాయి. కొబ్బరినూనె, క్రీములు రాసుకుని పడుకున్నా కొన్నాళ్లకి పట్టు తగ్గుతుంది. అక్కడక్కడ మాత్రమే కరెంటు పోనిచ్చే షీట్ మీద, ఉన్న లీకేజీ అంతా ఆ కొద్ది చోటే గుచ్చుకున్నట్టు తెలుస్తుంది. రెండు ఐదు రూపాయల నాణేలు జానెడు దూరంలో పెట్టి, ప్రోబ్‌లు వాటి మీద ఆనించి ఓమ్‌లు చూడండి. ఒక చోటికీ ఇంకో చోటికీ అంకెలు మరీ తేడాగా ఉంటే షీట్ మార్చేయండి. ప్రెస్ బటన్ చుట్టూ పచ్చగా చిలుము పట్టిందేమో కూడా చూడండి.

## 10. మరమ్మతు పేరుతో చేయకూడనివి

- విడి తీగ తీసుకుని ఎర్త్ రంధ్రంలో గుచ్చడం
- నీళ్ల పైపుకి, గ్యాస్ పైపుకి, పిడుగు తీగకి కలపడం
- పెరట్లో వేరే ఇనుప కడ్డీ పాతి మ్యాట్‌ని దానికి కలిపి, అదే గదిలో ఇంటి ఎర్త్‌కి కలిసిన వస్తువులు ముట్టుకోవడం. రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజీ తేడా మీ మీదుగా సరిపోతుంది
- "జివ్వు తగ్గుతుంది" అని రెసిస్టర్ తీసేయడం
- తడి ఒంటితో, తడి జుట్టుతో మ్యాట్ మీద పడుకోవడం
- హీటింగ్ ప్యాడ్, ఎలక్ట్రిక్ దుప్పటి దానితో కలిపి వాడడం

## 11. ఎలక్ట్రీషియన్‌తో ఏం చెప్పాలి

"షాక్ కొడుతోంది" అంటే ఎంసీబీ మార్చి వెళ్లిపోతారు. పని విడమరిచి చెప్పండి. కన్నడలో అయితే "అర్తింగ్ సరియాగిదెయా నోడి, న్యూట్రల్ జొతె లూప్ మాడబేడి" (ఎర్తింగ్ సరిగ్గా ఉందో చూడండి, న్యూట్రల్‌తో కలపకండి) అంటే సరిపోతుంది. చాలామందికి తెలుగు కూడా వస్తుంది. లైసెన్సు ఉన్నవాళ్లనే పిలవండి.

- మంచం పక్క సాకెట్ విప్పి ఎర్త్ తీగ విడిగా మెయిన్ బోర్డు దాకా వెళ్తోందో లేదో చూపించమనండి
- వదులు స్క్రూలు, కమిలిన టెర్మినళ్లు మార్పించండి
- ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించండి, ఉంటే టెస్ట్ బటన్ నొక్కి పడుతోందో లేదో చూడండి
- ఎర్త్ టెస్టర్‌తో ఎర్త్ గుంట కొలిపించండి. 5 ఓమ్‌ల లోపు ఉంటే మంచిది

ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా ఇక్కడి ఎర్ర నేల బాగా ఎండుతుంది, ఎర్త్ గుంట కూడా ఎండుతుంది. ఉప్పు, బొగ్గు వేసిన పాతరకం గుంట అయితే వారానికోసారి బకెట్ నీళ్లు పోయించండి. అపార్ట్‌మెంట్‌లో అయితే అసోసియేషన్‌కి, అద్దె ఇంట్లో అయితే ఓనర్‌కి రాతపూర్వకంగా చెప్పండి.

పని అయ్యాక మూడు కొలతలు మళ్లీ తీసుకోండి, ఇస్త్రీ పెట్టె పెట్టి ఒకసారి, తీసి ఒకసారి. 4వ విభాగంలోని పరీక్ష మళ్లీ చేయండి. పది సార్లలో ఒక్కసారి కూడా తేడా తెలియకపోతే మ్యాట్ వేసుకోవచ్చు. మొదటి వారం పగటిపూట, మెలకువగా ఉన్నప్పుడే వాడండి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుములు వినిపిస్తే ప్లగ్ తీసేసి, తీగ మంచం మీదికి కాకుండా గోడ వైపు చుట్టి పెట్టండి.